తువ్వాల తియ్యని పటం

సారు పోయారని వారి పెద్దమ్మాయి కామారెడ్డి నుంచి ఫోన్ చేసి చెప్పింది. "నిద్రలనే పోయిండు అంకుల్. రాత్రి మంచిగనే తిన్నడు. టీవీల వార్తల కింద ఉరికే అక్షరాలల్ల తప్పులు గూడ పట్టిండు," అంది. ఏడుస్తూ ఏడుస్తూ ఆ చివరి మాటకు తనే నవ్వింది. ఇవతల నేనూ నవ్వాను. చావు కబురు వింటూ నవ్వడం నా బతుకులో అదే మొదలు.

పొద్దున్నే బస్సెక్కి పోయాను. సారు ఇంటి మలుపులో అప్పుడే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. రెండు తెల్ల పావురాలు, చుట్టూ గులాబీలు, నడుమ సారు. అక్షరాలు మాత్రం అంచుకు ఆనుకుని ఊపిరాడక నిలబడ్డాయి. మనిషి లేచి వస్తే ముందు అడిగేది ఎవరెవరు వచ్చారని కాదు, ఎడమ పక్కన జాగా ఎందుకు వదల్లేదని. ఆయన ఉండగా ఆ మాట వినని వాడు ఎల్లారెడ్డిలో లేడు, కామారెడ్డిలోనూ తక్కువే.

నేను ఎల్లారెడ్డిలో దుకాణాల బోర్డులు రాసి బతికినవాణ్ణి. బడి నన్ను ఏడో తరగతిలో వదిలేసింది, మిగతా చదువంతా బోర్డుల మీదే. కిరాణా కొట్లు నాకు తెలుగు నేర్పాయి, మందుల షాపులు ఇంగ్లీషు నేర్పాయి, దర్జీ దుకాణాలు ఉర్దూ నేర్పాయి. ఒకసారి ఎరువుల దుకాణం బోర్డు మీద వరి కంకిని ఎంత బాగా గీశానంటే, ఒక మేక దాని కింద పూటంతా నిలబడింది. ఈ మాట ఎవరూ నమ్మరు. సారు నమ్మారు. నమ్మి, "ఆ మేకకు సాక్షులెవలు పెయింటర్?" అని అడిగారు. అదీ ఆయన నమ్మే పద్ధతి.

సారు అప్పట్లో మా ఊరి జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవారు. నౌకరీ పక్కాది కాదు, ఏడాదికోసారి పొడిగించేవారు. అందరూ పెన్ను పెట్టుకునే జేబులో ఆయన స్టీలు స్కేలు పెట్టుకునేవారు. హోటల్లో ఇడ్లీ వచ్చేలోగా గోడ మీది ధరల పట్టికను దూరం నుంచే కొలిచి, "దోసె జర కుడికి జరిగింది," అనేవారు. అత్తగారింటికి రాసే కార్డుకు కూడా మార్జిన్ కొట్టేవారని వారి ఇంటావిడే చెప్పింది. "అంత జాగా ఎందుకు సారూ, కాయితం ఊరికె వస్తదా?" అని నేనొకసారి అడిగాను. "సదివెటోడు బొటనవేలు ఏడ పెట్టుకోవాలె మరి? అక్షరాల మీదనా?" అన్నారు. ఆ రోజు నుంచి నేను బోర్డుల మీదా జాగా వదలడం మొదలుపెట్టాను. బోర్డు మీద బొటనవేలు ఎవరూ పెట్టరు కానీ, పెడదామనుకుంటే జాగా ఉండాలి కదా.

దారి తప్పాను. చెప్పవలసింది ఆ రీసెర్చి పేపరు సంగతి.

మా ఊరి వారపు అంగడిలో ఎడ్ల బేరం నోటితో సాగదు. కొనేవాడి చెయ్యి, దళారి చెయ్యి ఒకే తువ్వాల కిందికి పోతాయి. వేళ్ళు పట్టి, నొక్కి, వదిలి ధర చెప్పుకుంటారు. చుట్టూ వందమంది నిలబడ్డా ఎవరికీ అంతుబట్టదు. సారు రెండేళ్ళు అంగడి వెంట తిరిగి దాని మీద ఒక పేపరు రాశారు. ఆ వేళ్ళ లెక్క ఆయనకు నేర్పింది మా దళారి చాచా. నేర్పే ముందు చాచా ఒట్టులాంటి జబాన్ ఒకటి తీసుకున్నాడు: "రాసుకో సారూ, నాకేం లేదు. కని ఏ వేలుకు ఎంతో బయట పెట్టొద్దు. పెట్టినవంటె మా ఇండ్లల్ల పొయ్యి ఆరుతది." సారు సరేనన్నారు.

పేపరు హైదరాబాదులోని ఒక పత్రికకు పోయింది. కొన్నాళ్ళకు తిరిగి వచ్చింది. విషయం బాగుందట. కానీ తమ పద్ధతిలో మళ్ళీ టైపు చేసి పంపాలట. ఆ పద్ధతి ఏమిటో చెప్పే కాగితాలు జత చేశారు: మార్జిన్ ఎంత, వరసకూ వరసకూ ఎడం ఎంత, ఫుట్‌నోట్లనే అధస్సూచికలు ఎక్కడ, ఆధార గ్రంథాల పట్టికలో ముందు ఇంటిపేరా, ఒంటిపేరా. అది చదువుతుంటే సారు మొహం పెండ్లి పత్రిక అందుకున్నట్టు వెలిగింది. చివరి వాక్యం దగ్గర ఆరిపోయింది. వేళ్ళ గుర్తులు, వాటి విలువలు చూపే పటం లేకపోతే పేపరు వేసుకోలేమని అందులో ఉంది.

అదే సమయంలో కామారెడ్డి డిగ్రీ కాలేజీలో పక్కా నౌకరీ ఒకటి ఖాళీ పడింది. అచ్చయిన పేపరు ఒక్కటైనా ఉంటే సారుకు వస్తుంది. లేకపోతే మళ్ళీ ఏడాది పొడిగింపు, మళ్ళీ అదే అద్దె గది. ఒకరోజు నేను బోర్డులు రాసే షెడ్డుకు వచ్చి రంగు డబ్బా మీద కూర్చున్నారు.

"పటం ఇస్తె చాచా ఖతం, ఇయ్యకుంటె నేను ఖతం," అన్నారు.

నేను తెలివి చూపించాను. "గంతేనా సారూ? ఉత్తుత్తి వేళ్ళు గీస్త. హైదరాబాదుల ఎడ్లు కొనెటోడు ఎవడున్నడు?"

ఆయన నా మీద కోపం తెచ్చుకున్నది ఆ ఒక్కసారే. "అబద్ధం గీసినంక దాని కింద ఏమని రాయాలె పెయింటర్? అబద్ధం అని రాయాల్నా?" అని లేచి వెళ్ళిపోయారు.

వారం తిరిగేసరికి అంగడి వచ్చింది. నేను బోర్డు బాకీ వసూలు పేరు చెప్పి వెనకే పోయాను. సారు చాచాకు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. చాచా బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు, "గీపిచ్చుకో సారూ. ఏముంది? తువ్వాల తియ్యకుంటె సాలు," అన్నాడు. పక్కనున్న దళారులంతా పకపకా నవ్వారు. సారు నవ్వలేదు. ఎద్దు కొమ్ము పట్టుకుని అట్లాగే నిలబడి, "చాచా, గదే కరెక్టు," అన్నారు.

అట్లా ఆ పటం నా చేతికి వచ్చింది.

రెండు రోజులు కూర్చుని గీశాను. రంగులేసిన కొమ్ముల ఎడ్లు, తలకు పటకా చుట్టుకున్న రైతు, వెనక పొడుస్తున్న సూర్యుడు, మధ్యలో తువ్వాల. కింద బోర్డుకు రాసినట్టే నీడ పెట్టి నా పేరు, బస్టాండు వెనక అని చిరునామా. సారు చూసి నవ్వు ఆపుకోలేక అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇది రీసెర్చి పేపర్ పెయింటర్, కిరాణా దుకాణం కాదు. సూర్యుని తీసెయ్."

"సూర్యుడు లేకుంటె అంగడి పొద్దుగాల్నే అని ఎట్ల తెలుస్తది?"

"అది నేను పద్ధతుల భాగంల రాసిన. ఎడ్లను తీసెయ్."

"ఎడ్లు గూడనా! బేరం దేనికని అడుగుతరు."

"అది మొదటి పేరాల ఉన్నది. నీ పేరు గూడ తీసెయ్."

"గట్లయితె నన్ను గూడ తీసెయ్యిండ్రి సారూ."

"నిన్ను కృతజ్ఞతలల్ల రాస్త. ఆడ నీడ పెట్టరు, అది ముందే చెప్తున్న."

తీయగా తీయగా రెండు చేతులు, ఒక తువ్వాల మిగిలాయి. నల్ల సిరా, తెల్ల కాగితం. నా జన్మలో అంత తక్కువ గీసి అంత కష్టపడింది లేదు. పట్టుకుపోయి చాచాకు చూపించాం. చాచా కాగితాన్ని దూరం పెట్టి చూసి, దగ్గర పెట్టి చూసి, నా వైపు గుర్రుగా తిరిగాడు.

"ఏంది పెయింటర్, ధర రాసినవ్ గదా దీంట్ల!"

"ఏడ రాసిన చాచా? తువ్వాలనే గీసిన."

"ఈ ముడత చూడు. గిట్ల ముడత వడ్డదంటె లోపట మూడు వేళ్ళు వట్టినట్టు. ఏ దళారినడిగినా చెప్తడు."

మళ్ళీ గీశాను. అందులో అయిదు వేళ్ళు దొరికాయి. మళ్ళీ గీశాను. ఈసారి చాచా తలగోక్కుని, "ఇది బేరం కాదు, ఎవనికో సలి జరం వచ్చి వణుకుతున్నట్టున్నది," అన్నాడు. సారుకు ఇదంతా మహా సంబరం. పత్రికలవాళ్ళు పేపరును తెలిసినవాళ్ళకు చూపించి తప్పులు పట్టిస్తారని, ఆ తెలిసినవాళ్ళు ఎంత కొరకొరలాడితే పేపరు అంత గట్టిపడుతుందని దారిపొడుగునా నాకు చెప్పారు. చివరికి ఒక అంగడి రోజు చాచా చాలాసేపు చూసి, పక్క దళారికి ఇచ్చాడు. అతను ఇంకొకరికి ఇచ్చాడు. ఎవరికీ ఏమీ కనపడలేదు. "ఇప్పుడు మంచిగున్నది. ఏం అర్థమైతలేదు," అన్నాడు చాచా.

సారు కింద రాయవలసిన వాక్యం అక్కడే, ఎడ్లబండి తొట్టి మీద కాగితం పెట్టుకుని రాశారు. ఇంగ్లీషులో రాసి మాకు తెలుగులో చెప్పారు: "పటం ఒకటి. బేరం నడుస్తుండగా రెండు చేతులు. చుట్టూ నిలబడ్డవారికి కనిపించేది ఇంతే."

ఇక మిగిలింది టైపు. "పటం మీద వాళ్ళకు కోపం వస్తది. మిగతా ఏ అక్షరం మీద గూడ కోపం రావద్దు," అన్నారు సారు. కామారెడ్డి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మిషను ఖాళీ దొరికే ఆదివారాల్లో బస్సెక్కి పోయి కూర్చునేవారు. ఒక కామా జారితే పేజీ మొత్తం మళ్ళీ కొట్టించేవారు. టైపు మాస్టరు దండం పెట్టి, "సారూ, ఈ కామా నా పెండ్లాం కంటె ఎక్కువ సతాయిస్తున్నది," అన్నాడట. సారు ఆ మాట కూడా ఇష్టంగా చెప్పుకునేవారు. "కామా అంటె ఊపిరి తీసుకొమ్మని సదివెటోనికి చెప్పుడే," అనేవారు. అధస్సూచిక గురించీ ఆయనకు ఒక మాట ఉంది: "ఎవల దగ్గర ఏం నేర్సుకున్నమో నలుగుట్ల ఒప్పుకునుడు. ఇంటి పేరు నిలబెట్టుడు అసొంటిదే." తర్వాత కాలంలో ఆయన దగ్గర చదివిన పిల్లలు, ఇప్పుడు తలలు నెరిసినవాళ్ళు, కడసారి చూపుకు వచ్చి సారు ఇంటి ముందు బెంచీల మీద కూర్చుని ఆ మాటే చెప్పుకుంటుంటే విన్నాను.

పంపిన తర్వాత ఎదురుచూపు. సారు రోజూ పోస్టాఫీసు ముందు నుంచి పోయేవారు, లోపలికి చూడనట్టు చూసేవారు. ఎండాకాలం పోయింది, వానలు పడ్డాయి. ఒకరోజు తడిసిన గొడుగుతో నా షెడ్డులోకి వచ్చి ఒక కార్డు ఇచ్చారు. పేపరు వేసుకుంటామని అందులో ఉంది. టైపు, పద్ధతి చూసి సంపాదకుడు మెచ్చుకున్నాడు. చివర ఇంకో వాక్యం: ఈ ప్రశ్న పత్రికది కాదు, నాది, ఆ తువ్వాల కింద ఎంత?

"ఏమని రాస్తరు సారూ?" అన్నాను.

"నువ్వు గీసినవ్. నువ్వే చెప్పు."

"నాకేం తెల్సు? చాచా లోపటున్నదంత తీసేపిచ్చిండు గదా."

సారు గొడుగు మూసి చాలాసేపు నవ్వారు. ఆ కార్డుకు ఆయన జవాబు రాశారో లేదో నాకు తెలియదు.

అచ్చు కాకముందే ఆ కార్డు చూపిస్తే చాలింది, నౌకరీ వచ్చింది. సారు కామారెడ్డికి మారారు, ఇల్లు కట్టారు, ముగ్గురు పిల్లల్ని చదివించారు, తర్వాత చాలా పేపర్లు రాశారు. వాటి గురించి చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. నేను చూసింది ఒక్కటి ఉంది, అది చెప్పి ఊరుకుంటాను.

పత్రిక అచ్చయి వచ్చిన వారం సారు కామారెడ్డి నుంచి మా అంగడికి వచ్చారు. చాచా చేతులు లుంగీకి తుడుచుకుని పుస్తకం అందుకుని, పటం చూసి, చుట్టూ అందరికీ చూపించి, "సదువు సారూ, మొత్తం సదువు," అన్నాడు. "ఇంగ్లీషుల ఉన్నది చాచా." "ఉండనీ, మా సంగతే గదా. మాకు తెల్వంది ఏముంది?"

సారు ఎడ్ల మధ్య నిలబడి మొదటి పేజీ నుంచి చదివారు. దళారులు, రైతులు, జీడిగింజలమ్మే ముసలామె, అందరూ ఒక్క మాట అర్థం కాకుండా చివరిదాకా విన్నారు. పేపరు అయిపోయింది. సారు ఆగలేదు. చివరన ఉన్న ఆధార గ్రంథాల పట్టికలోని పేర్లు కూడా చదవడం మొదలుపెట్టారు. అక్షరాల వరసలో పోతూ పోతూ, ఇద్దరు తెల్ల ప్రొఫెసర్ల నడుమ, దళారి చాచా పూర్తి పేరు వచ్చింది. ముఖాముఖి, ఎల్లారెడ్డి అంగడి అని కూడా.

చాచా గబుక్కున నిటారుగా నిలబడి, బడిలో పిల్లాడిలాగా, "హాజర్ సాబ్!" అన్నాడు.

అంగడి అంతా గొల్లుమంది. సారు ఆ వరస మీద వేలు పెట్టి, నవ్వులు అణిగేదాకా ఓపిగ్గా ఆగారు. తర్వాత కామా దగ్గర ఊపిరి తీసుకుని, కింది పేరు చదివారు.