మధ్యాహ్నం తలుపుల చప్పుడు

మా ముత్తాత కోరుట్ల చుట్టూ పద్నాలుగు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత గడి కట్టించి, గదిగదికీ బర్మా టేకు తలుపులు పెట్టించాడు. నా దాకా వచ్చేసరికి మిగిలింది ఆ గడి, ఆ తలుపులు, ఆయాసంతో మంచం పట్టిన అమ్మ.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న వానాకాలం అది. బొగ్గు బావులు ఆగి కరెంటు గంటల తరబడి ఉండేది కాదు. సున్నపు గోడల చెమ్మకు అమ్మకు ఊపిరి అందేది కాదు. సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసే ఫిట్టర్ ఒకాయన, ఏదో కాలేజీవాళ్లు పరీక్షించి వదిలేసిన ఎండతోనే నడిచే ఏసీని తెచ్చి బిగించాడు. అందులో తెల్లటి గుళికలు నింపిన చక్రం నెమ్మదిగా తిరుగుతూ గాలిలోని తేమను పీల్చేది. మిద్దె మీది అద్దాల పెట్టెల్లో కాగిన గాలి ఆ చక్రాన్ని మళ్లీ ఆరబెట్టేది. పొడిబారిన గాలి, కూలర్లో ఉండేలాంటి తడి మెత్తల మీదుగా చల్లబడి గదుల్లోకి రావాలి. తేమంటే భయంతో నేను ఆ మెత్తలకు నీళ్లు ఆపించాను.

"గట్ల వద్దు మేడం. పొడి గాలిల నూలే నిలువది. మగ్గాల కాడ మేం నేల తడుపుకుంటం," అన్నాడు. మా వాకిట్లో నన్ను దొరసాని అనని మొదటి మనిషి.

"మా టేకు నీ నూలు కాదు," అన్నాను.

అమ్మ ఊపిరి తేలికపడింది. నాలుగో రోజు మధ్యాహ్నం వాకిలి తలుపు మీద టక్కుమని చప్పుడు. తర్వాత నడిమింటి తలుపు. ఆ తర్వాత అమ్మ గది తలుపు. ఎవరో చేతికర్రతో నడిచి వస్తున్నట్టు. మబ్బు కమ్మితే నడుమనే ఆగేది. ఎండ రాగానే, ఆగిన తలుపు దగ్గరి నుంచే మళ్లీ కదిలేది.

"మీ నాయిన అచ్చిండు. తలుపు తియ్యి బిడ్డ," అనేది అమ్మ. నాన్న పోయి ఎనిమిదేళ్లు.

ఫిట్టర్‌ను పిలిపించాను. తలుపు పగులులో గోరు పెట్టి చూపించాడు. "తేమ లేక కట్టె పలుగుతున్నది మేడం. నీళ్లు ఇడువుర్రి, చప్పుడు ఆగుతది."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇడువకు. చప్పుడు ఆగితే ఆయన రాడు."

నీళ్లు వదలలేదు. రోజూ ఆ వేళకు నేనే లేచి అమ్మ గది తలుపు తీసేదాన్ని. ఎదుట ఎవరూ ఉండరు. అయినా పక్కకు తప్పుకుని దారి ఇచ్చేదాన్ని.

కార్తీకంలో అమ్మ పోయింది. ఆ రోజే చక్రం ఆపించాను. మర్నాడంతా మబ్బు. మధ్యాహ్నం మూడు తలుపులూ వరసగా మోగాయి, ఈసారి లోపలి నుంచి బయటికి.

పగిలిన తలుపులన్నీ ద్వారబంధాలతో సహా జగిత్యాల కట్టెల అడితికి అమ్మేశాను.