ఇసుకతిప్ప మీద చెలమ

పక్కింటి మేడ కట్టుబడికి ట్రాక్టరు ఇసుక పోసి వెళ్ళింది. పొద్దున్నే వాచ్‌మన్ ఆ కుప్ప మీద నీళ్ళు చల్లితే, లేచిన వాసనకి చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా బాల్కనీలోనే నిలబడిపోయాను.

నా చిన్నప్పుడు ఈస్టరు వెళ్ళి బడికి సెలవులివ్వగానే, మాస్టారైన మా నాన్న అమ్మనీ నన్నూ కొవ్వూరు రేవులో పడవెక్కించి, ఎండలకి గోదారి సన్నబడితే మధ్యలో బయటపడే ఇసుకతిప్ప మీదికి తీసుకెళ్ళేవారు. అది ఎవరి పొలమూ కాదు, ఎవర్నీ అడగక్కర్లేదు. నాలుగు వెదుళ్ళు పాతి, టార్పాలిన్ కట్టి, నది వదిలేసి పోయిన మడుగు పక్కన మూడు రోజులుండేవాళ్ళం. కనుచూపు మేరలో మనిషి కనబడడు. అమ్మ ఇటుకల పొయ్యి మీద అన్నం వార్చి, నిప్పుల్లో ఎండుచేపలు కాలుస్తుంటే, నేను పాదం మీద తడి ఇసుక కప్పి పిచ్చుకగూళ్ళు కట్టుకుంటూ ఆ వాసనకి లొట్టలేసేదాన్ని.

మడుగు నీళ్ళు మాత్రం అమ్మ తాగనిచ్చేది కాదు. ఇసుకలో మోచేతి లోతున చెలమ తవ్వి, ఊరిన బురదనీళ్ళు మూడుసార్లు తోడి పారబోసి, నాలుగోసారి తేటగా ఊరాకే చెంబు ముంచేది. వచ్చేసేటప్పుడు దాన్ని పూడ్చనిచ్చేదీ కాదు. "మన వెనకాల ఎవరొస్తారో ఏంటో, ఉండనివ్వండి" అని తాటాకు కప్పి వచ్చేది.

నా తొమ్మిదో ఏట అమ్మ జ్వరంతో పోయింది. ఆ వేసవిలోనూ వెళ్ళాం, ఇద్దరమే. నాన్న చెలమ తవ్వి, మొదట ఊరిన నీళ్ళే నాకూ ఇచ్చి తనూ తాగేశారు. పళ్ళ కింద ఇసుక కరకరలాడింది.

"అమ్మ మూడుసార్లు తోడేది నాన్నా."

ఆయన మడుగు వైపు తిరిగి కూర్చున్నారు. మూడు రోజులూ ఆ వీపు చూస్తూ గూళ్ళు కట్టాను. అంత ఒంటరితనం మళ్ళీ ఎప్పుడూ ఎరగను. వచ్చే వేసవికైనా మునుపటిలా మాట్లాడతారని ఆశపడ్డాను.

చివరిరోజు సామాను సర్దాక, నాన్న మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో చెలమ పూడ్చేశారు.

"ఎవరైనా వస్తే నాన్నా?"

"ఎవరొస్తారు తల్లీ."

ఇంకెప్పుడూ మేం ఇక్కడికి రామని అప్పుడే తెలిసిపోయింది. మళ్ళీ వెళ్ళలేదు కూడా.

ఇప్పుడు నాన్న లేరు. ఆ తిప్పని కొంత వరదలు తీసుకుపోయాయి, కొంత లారీలు తీసుకుపోయాయి. ఇందాక కిందికి దిగి ఇసుక కుప్ప పక్కన కూర్చుని, చేత్తో మోచేతి లోతు దాకా తవ్వాను. లోపలంతా పొడి ఇసుకే.

"ఏమైనా పడిపోయిందాండీ?" అన్నాడు వాచ్‌మన్.

"లేదండీ" అని, చెయ్యి దులుపుకుని, ఆ గుంట పూడ్చకుండానే మా మేడెక్కి వచ్చేశాను.