ఎస్తేరమ్మ బల్ల

పెనుకొండలో మా ఆడపిల్లల హాస్టల్‌ను పాతవాళ్లు ఇప్పటికీ బోర్డింగు అనే అంటారు. అక్కడ వంట ఎస్తేరమ్మది. ముదిగుబ్బ మనిషి. నోరు పెద్దది, వడ్డించే చెయ్యి ఇంకా పెద్దది. భోజనాల పొడవాటి బల్ల దగ్గర ఆమె చట్టం ఒకటే: కూర్చున్నవాళ్లు తినకుండా లేవకూడదు. పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి నేను చేరిన రోజు, తెలియక ఆ బల్ల దగ్గర పుస్తకాలు సర్దుకుంటూ కూర్చుని రెండోసారి భోంచేశాను.

ఒక మధ్యాహ్నం ఆ బల్ల దగ్గరే పిల్లలకు బోర్డు అనే మాట పుట్టుక చెబుతున్నాను. మొదట్లో అది ఉత్త చెక్కపలక. పలకతో బల్ల చేశారు. బల్ల మీద పెట్టే తిండికీ ఆ పేరే వచ్చింది, బోర్డింగు అలా పుట్టింది. బల్ల చుట్టూ చేరి నిర్ణయాలు చేసే పెద్దలూ బోర్డే అయ్యారు.

"అయితే అన్నీ నా బల్లకాణ్ణుంచే వచ్చినాయన్నమాట!" అంది ఎస్తేరమ్మ, మురిసిపోతూ.

ఆ మురిపెం వారం కూడా నిలవలేదు. హాస్టల్ బోర్డు పెద్దలు వంటిల్లు మూసేసి, హిందూపురం నుంచి వ్యానులో భోజనాలు తెప్పిస్తారట. నాకు ఒళ్లు మండిపోయింది.

"నేను యాడికన్నా పోతా. పిల్లోల్లు సల్లారిన కూడు తినాల్నా?" అని ఆమె కళ్లొత్తుకుంది.

ఆ సంగతి ఖాయం చేసే బోర్డు సమావేశం రోజు ఆఫీసు గదిలో వాన కారుతోంది. పెద్దలందరూ వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. అధ్యక్షుడు కదిరప్ప గొంతు సవరించుకునేలోపే కంచాలు దిగాయి.

"ఏమప్పా, ఈడ కూసుంటే తినాల్సిందే. మాటలు తర్వాత."

"తినేసి వచ్చినాం తల్లీ!"

"అది మీ ఇంట్లో."

పొగలు కక్కే రాగిసంగటి, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి, పైన నెయ్యి. కదిరప్ప రెండో ముద్ద అడిగి వేయించుకున్నాడు. తిని, వేళ్లు నాక్కుని, మిగతావాళ్ల వైపు చూశాడు.

"వ్యానులో వస్తే ఇంత వేడిగా ఉంటాదా అబ్బా?"

అందరూ తలలు అడ్డంగా ఊపారు. వంటిల్లు నిలిచింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"రామ్మా, నువ్వూ కూసో," అని కదిరప్ప ఎస్తేరమ్మను పిలిచి పక్కకు జరిగాడు. ఇన్నేళ్లలో ఆ బల్ల దగ్గర ఆమె కూర్చోగా నేను చూడలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, మొహమాటంగా అంచున కూర్చుంది.

అంతే, తలుపు చాటు నుంచి పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు:

"అవ్వా, కూసున్నావు! తినకుండా లేయకూడదు!"

అగళి ఊరి పిల్ల అమృత పరుగున కంచం తెచ్చి ఆమె ముందు పెట్టింది.