ముందు సీటు బరువు

కాలిన ఇనుము మీద ఇంజినాయిల్ చుక్క పడితే వచ్చే వాసన నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. మొన్న కారు సర్వీసింగుకి ఇచ్చినచోట ఆ వాసన తగిలింది. కుర్చీ చూపించి కూర్చోమన్నారు గానీ కూర్చోలేదు, షెడ్డు ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉన్నాను. ఆ వాసన వచ్చిందంటే మా ఇంట్లో నాన్న ఏదో విప్పేశాడని అర్థం.

నాన్న బంగ్లా మాట్లాడే ఊరు లిలువాలో, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పగలంతా అక్కడ ఇనుముతో కుస్తీ పట్టి, ఇంటికొచ్చి మళ్లీ మా పాత డీజిల్ బండి కింద దూరేవాడు. డిసెంబరు రాగానే క్వార్టర్స్ మీదికి మంచూ బొగ్గుపొయ్యిల పొగా కలిసి దిగేవి, బజారులో ఖర్జూర బెల్లం ఘుమాయించేది, అమ్మ ఆ బెల్లంతోనే అరిసెలకి పాకం పట్టి, మన బెల్లమైతే ఇలా జారిపోయేదా అని విసుక్కుంటూ వండేది, వరండాలో క్రిస్మస్ కాగితపు నక్షత్రం ఊగేది, ఆ సందడిలో మేం పిల్లలం బండి చుట్టూ దాగుడుమూతలు ఆడుతూ నాన్న కాళ్లు తొక్కేవాళ్లం.

నాన్న తల్లి, మా మామ్మ, భీమిలి నుంచి వచ్చి మా దగ్గరే ఉండేది. ఆమెకి చదువు రాదు, పాటలన్నీ నోటికి వచ్చు. బంగ్లా ప్రార్థన దేవుడికి అర్థమవుతుందేమో గానీ తనకి కాదనేది. తెలుగు ఆరాధన జరిగే గుడి నది అవతల వాట్‌గంజ్‌లో ఉంది. అక్కడికి వెళ్లాలంటే ముందు లిలువాలో రైలు పట్టాల మీది వంతెన ఎక్కాలి. అదే మా గండం. వంతెన మొదట్లో అమ్మ పాట ఎత్తుకునేది, మేమంతా బండికి సాయం చేస్తున్నట్టు ముందుకి వంగేవాళ్లం. అయినా సగంలో బండి ఆగిపోయేది. మామ్మవి నొప్పుల మోకాళ్లు, ఆమె ముందు సీట్లోనే ఉండేది. మిగతావాళ్లం దిగి నడిచేవాళ్లం.

ఒక ఆదివారం మామ్మ గుడికి కట్టే చీర కట్టుకోలేదు. "నాను రాను. నా బరువుకే కదేటి, పిల్లలు నడుస్తన్నారు" అంది. నాన్న ముఖం మాడిపోయింది. "ఈ పండక్కి ఎవులూ దిగక్కర్నేదే అమ్మా. నువ్వు దొరసాన్నాగ కూకో" అన్నాడు.

ఇంజిన్ వదిలే పొగతోనే తిరిగి, ఇంజిన్‌కి గాలి దంచి పోసే పంకా లాంటిది టర్బో. మా బండిది అరిగిపోయింది. పాత సామాన్ల కొట్టువాడు "ఛోటోటా నిన్, దాదా" అని చిన్నది చేతిలో పెట్టబోయాడు. రైలు పెట్టెల మధ్య బతికిన నాన్నకి చిన్న వస్తువంటే గౌరవం లేదు. పాత బస్సుది, పనసకాయంత టర్బో మోసుకొచ్చాడు. అది మా ఇంజిన్‌కి అతకదు. ఇనప పలక కోసి అతికించాడు, ఆయిల్ గొట్టం వంచి బిగించాడు, మళ్లీ విప్పాడు. వారాల తరబడి మా అన్నంలో కూడా ఆయిల్ వాసనే.

పండగ రోజు మామ్మ తెల్లచీరలో ముందు సీట్లో కూర్చుంది. వంతెన మొదలైంది. అమ్మ పాడింది, మేం వంగాం. అంత పెద్ద టర్బోని తిప్పేంత పొగ మా చిన్న ఇంజిన్ దగ్గర లేదు. సగంలోనే బండి వణికి నిలబడింది. వెనక లారీల హారన్లు. నాన్న చెమటలు కక్కుతుంటే మామ్మ తలుపు తీసి దిగిపోయింది. బరువు తగ్గిందేమో, ఇంజిన్ కాస్త ఊపందుకుంది, టర్బో ఈల వేసింది, బండి ఒక్కసారిగా దూసుకుపోయింది. ఆపితే మళ్లీ ఎక్కదు. "మామ్మా" అని మేం అరుస్తుండగానే బండి వంతెన అవతలికి దిగిపోయింది.

నాన్న వెనక్కి పరిగెత్తాడు. మామ్మ అప్పటికే వంతెన నెత్తిన ఉంది, పిట్టగోడ పట్టుకుని. "సూసావా, నాను దిగ్గానే ఎక్కీసింది" అని నవ్వింది. నాన్న నవ్వలేదు. ఆ రోజు గుడిలో మామ్మ పాడింది, నాన్న పెదవి కదపలేదు.

ఆ వేసవిలో మామ్మ పోయింది. తర్వాత నాన్న ఆ కొట్టుకే వెళ్లి చిన్న టర్బో తెచ్చి బిగించాడు. ముందు సీట్లో బియ్యం బస్తా పెట్టి, మమ్మల్నందరినీ ఎక్కించి, వంతెన మీదికి పోనిచ్చాడు. బండి ఎక్కడా ఆగలేదు. అవతల దిగాక పక్కకి తీసి, బస్తా మీద తలపెట్టి ఏడ్చాడు.

ఇప్పుడు నాన్న లేడు, ఆ బండి తుక్కుకి పోయింది. నా కారు వంతెన ఎక్కుతున్నట్టే తెలియదు, ఈలా ఉండదు, పాటా ఉండదు. వెనక సీట్లో పిల్లలు ఫోన్లలో ఉంటారు. ముందుకి వంగేది నేనొక్కదాన్నే. ఈమధ్య బజారు నుంచి వస్తూ బియ్యం బస్తా ముందు సీట్లో పెట్టాను. అక్కడ మనిషి కూర్చున్నారనుకుని, బెల్టు పెట్టమని కారు మోగుతూనే ఉంది. వంతెన మొదట్లో ఆపి, బస్తాకి బెల్టు పెట్టాను.