బావ బకెట్టు మీద నేను

మా పెద్దబావ వెల్డరు. ఆగడమంటే ఆయనకు గిట్టదు. అన్నం పొగలు కక్కుతుంటే అది చల్లారేలోగా కూరంతా తినేసి లేచిపోయేవాడు. పని దగ్గరా అదే వరస. అతుకు ఎర్రగా ఉండగానే బకెట్టెడు నీళ్లు గుమ్మరించేవాడు. బుస్సుమని ఆవిరి లేస్తే పనైపోయినట్టు. గేట్లకూ గ్రిల్లులకూ అది చెల్లింది.

ఆయన యాభయ్యో ఏట మా ఫ్యాక్టరీకి ఇరుసుల పని వచ్చింది. ఆ ఉక్కులో కర్బనం ఎక్కువ, అతకడం కష్టం. అందుకని వెల్డర్లకు పరీక్ష పెట్టారు. తప్పినవాళ్లు గ్రైండింగు సెక్షనుకు పోవాలి. అక్కడ మేస్త్రీ సాక్షాత్తూ తోడల్లుడు, మా చిన్నబావ. పెద్దాయన కోసం చీపురు సిద్ధం చేశానని ఇంటికొచ్చి మరీ చెప్పిపోయాడు.

పరీక్షనాడు బావ అతికాడు, నీళ్లు కొట్టాడు. ఇన్‌స్పెక్టరు అతుకును కోసి, నునుపుచేసి, మిషను సూదితో నొక్కి గట్టిదనం చూశాడు. మూడువందల తొంభై. హద్దు రెండువందల యాభై అని వినీ వినకముందే బావ స్వీటు డబ్బాతో ఇంట్లో ఉన్నాడు. నూట నలభై ఎక్కువ కొట్టానని వీధంతా పంచాడు.

సాయంత్రం చిన్నబావ వచ్చి, స్వీటు తిని, మూతి తుడుచుకున్నాక చెప్పాడు. అది దాటకూడని హద్దట. అంత గట్టిపడితే బరువు మీద పడగానే అతుకు పెళుక్కుమంటుందట. సోమవారం ఇంకొక్క అవకాశం, అదే ఆఖరు.

పెద్దక్క మొగుడితో నిదానంగా అంది, "పొయ్యి మీంచి దింపిన గాజుగిన్నెలో చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక్కమాట నన్నడిగితే మీ సొమ్మేం పోయింది?"

సోమవారం బావ వెల్డింగు రాడ్లను తేమ పోయేలా పొయ్యిలో ఆరబెట్టాడు, ఇనుమును ముందే వేడిచేశాడు, అతికాక నిదానంగా చల్లారేలా వెచ్చటి పొడి ఇసుకలో పూడ్చాడు. ఇక నాలుగు గంటలు ముట్టుకోకూడదు. స్టోర్సులో గుమాస్తానైన నన్ను అక్క కాపలా పెట్టింది. నేను బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుని పుస్తకం తెరిచాను.

బావ ఇసుక కుప్ప చుట్టూ తిరిగాడు. కాసేపు బతిమాలాడు, కాసేపు తిట్టాడు. చివరికి గొంతు ఎండిపోతోందన్నాడు. గ్లాసుతో నీళ్లిచ్చి, ఆఖరి చుక్క మింగేదాకా కళ్లార్పకుండా చూశాను.

"నన్ను నమ్మవురా, బామ్మర్దీ?"

"మీరు తాగండి బావా."

మిషను రెండువందల ఇరవై ఎనిమిది చూపింది. ఇన్‌స్పెక్టరు చెయ్యి కలిపాడు. చిన్నబావ మొహం చిన్నబోయింది. ఇంటికెళ్లే దారిలో చూస్తే పెద్దబావ మొహమూ అలాగే ఉంది.

"పాసయ్యారు కదా బావా?"

"అయ్యాననుకో," అన్నాడు దిగులుగా. "వీధిలో వాళ్లడిగితే ఏం చెప్పనురా? నూట అరవై రెండు తగ్గాయి."