అడుగుల్లో లెక్కించిన రాయి

అరవైల చివర ఒక వేసవిలో, పదో తరగతి సైన్సు పేపర్లు దిద్దే ఎగ్జామినర్ల మీటింగు యూనివర్సిటీ క్యాంపస్‌లో జరిగింది. పేపర్లు పార్సిళ్లలో ఎగ్జామినర్ల ఇళ్లకే పోయేవి. పోయేముందు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, కొన్ని నమూనా పేపర్లు దిద్దించి, మార్కులు ఒకే తీరుగా పడేట్టు చూసేవారు. నేను పత్రికలో చదువుల వార్తలు చూసేవాణ్ని. కొత్త సిలబస్ గురించి చీఫ్ ఎగ్జామినర్ చేత నాలుగు మాటలు చెప్పించుకుందామని వెళ్లాను. ఆయన ఫిజిక్స్ రీడరు, కోస్తా మనిషి. వెనక బెంచీ చూపించి, కూర్చోవచ్చుగానీ రాయకూడదన్నారు. ఇన్నేళ్లూ రాయలేదు.

నా పక్కన ఒక పల్లెటూరి హైస్కూలు సైన్సు మాస్టరు కూర్చున్నాడు. మల్కాజ్‌గిరిలో బావమరిది ఇంట్లో దిగి అక్కణ్ణుంచి నడిచొచ్చాడు. వాళ్ల బడికి పదో తరగతి ఆ ఏడే ఇచ్చారు, షరతు మీద.

“సగం మంది పాస్ గాకపోతే క్లాసు ఎత్తేస్తరు సార్. గప్పుడు పిల్లలు తాలూకాకు పోవాలె. ఆడపిల్లలనైతే ఎవరూ పంపరు,” అన్నాడు.

గొడవ ఒక ప్రశ్న దగ్గర వచ్చింది. పంతొమ్మిది పాయింట్ ఆరు మీటర్ల ఎత్తునుంచి వదిలిన రాయి నేలకు చేరడానికి ఎంతసేపు పడుతుంది? ఎగ్జామినర్లకిచ్చిన జవాబుల కీలో రెండు సెకన్లు, లెక్కంతా సెంటీమీటర్లలో. నమూనా పేపర్లలో కొందరు పిల్లలు ముందు మీటర్లను అడుగుల్లోకి మార్చి, పాత పద్ధతిలో గురుత్వానికి ముప్పై రెండు వేసి, వర్గమూలం తీసి, రెండు పాయింట్ సున్నా సున్నా నాలుగు దగ్గర తేలారు. అక్కడికి చేరేసరికి మార్జిన్లన్నీ నల్లబడ్డాయి.

“ఇలాంటివాటికి సూత్రానికి ఒక మార్కు, అంతే. మిగతా స్టెప్పులు కీలో లేవు,” అన్నారు చీఫ్.

ఏ పేపరు ఏ బడిదో మీటింగులో చెప్పకూడదు. కానీ ఎవరు లేచి వాదిస్తే వాళ్ల పిల్లలు అలా రాశారని అందరికీ తెలిసిపోయేది. అందుకని సాధారణంగా ఎవరూ లేచేవారు కాదు. నా పక్కాయన లేచాడు.

“జవాబు కరెక్టే గద సార్?”

“కరెక్టే. పద్ధతి సిలబస్‌లో లేదు. అడుగులు తీసేశారని సర్క్యులర్ రాలేదాండీ మీకు?”

“వచ్చింది సార్. పుస్తకమే రాలే.”

“సర్క్యులర్ చూసి చెప్పాల్సింది.”

“సర్క్యులర్ల పాఠం లేదు సార్. కింద సంతకం ఒక్కటే ఉన్నది.”

నవ్వులు ఆగాక ముషీరాబాద్ బడి నుంచి వచ్చిన టీచరమ్మ కూర్చున్నచోటునుంచే అన్నది: “మా పిల్లలు గూడ అట్లనే చేసిన్రు సార్. మాక్కూడ పుస్తకం రాలే.”

“మీది పట్నమే కదమ్మా!”

“పట్నమైతే ఏంది సార్, రానిది రాదు.”

ఆ తర్వాత దగ్గులు వినబడ్డాయి, ఒక్కొక్కరే చేతులెత్తారు. చీఫ్ హాలు మొత్తం ఒకసారి చూసి, భోజనానికి విరామం ప్రకటించారు. అప్పటికింకా భోజనాల వేళ కాలేదు.

ఆయన నన్ను వెంటబెట్టుకుని తార్నాక చౌరస్తాలో ఇరానీ హోటల్‌కు నడిచారు. టీ చల్లారుతుండగా సిగరెట్ పెట్టె వెనక ఆ లెక్కను అడుగుల్లో చేశారు. చాలాసేపు పట్టింది. మధ్యలో ఒకసారి తప్పు వచ్చి కొట్టేసి మళ్లీ మొదలుపెట్టారు.

“ఇదంతా చేశారాండీ, పిల్లలు?” అన్నారు చివరికి. తర్వాత, “రాయికి తెలియదు కదా, దాన్ని దేంతో కొలుస్తున్నామో,” అని టీ తాగేశారు.

తిరిగి వచ్చాక తీర్పు చెప్పారు. అడుగుల్లో చేసినా పూర్తి మార్కులు. అడుగుల్లోకి మార్చినందుకు కోత లేదు.

నా పక్కాయన మళ్లీ లేచాడు. “మార్చిన కష్టానికి ఒక్క మార్కు ఎక్కువియ్యరాదా సార్?”

“కూర్చోండి మాస్టారూ.”

ఆయన కూర్చున్నాడు. “అడిగితే ఏం పోయింది,” అన్నాడు నాతో.

ఫలితాలు వచ్చిన కొన్నాళ్లకు తార్నాక బస్టాపులో మళ్లీ కనబడ్డాడు. కాళ్ల దగ్గర పురికొసతో కట్టిన పుస్తకాల కట్ట ఉంది. క్లాసు సంగతి అడిగాను.

“ఉన్నది సార్. సగం మీద ముగ్గురు ఎక్కువే పాసైన్రు. ఇగ ఎత్తెయ్యరు.” కట్టను కాలితో కొంచెం జరిపాడు. “కొత్త పుస్తకం గూడ వచ్చింది.”

“బాగుందా?”

“మంచిగనే ఉన్నది. లెక్కలన్నీ మీటర్లల్నే ఇచ్చిన్రు. వెనక జవాబులు మాత్రం అడుగుల్ల ఉన్నయి.”

“మరి ఏం చేస్తారు?”

“ఏం చేస్త సార్, రెండూ చెప్త,” అని బస్సు రాగానే కట్ట భుజానికెత్తుకున్నాడు.