హనుమక్క వేసిన కొసరు

మూడు దోసిళ్ల కాయలతో హనుమక్క అనంతపురం జిల్లా వేరుశనగ దిగుబడిని ఎకరాకు ఒక మూట పెంచేసింది. వాన వల్ల కానిది, సర్కారు వల్ల కానిది, ఒక కూలి మనిషి చేసి చూపించింది. సరే, జిల్లా అంతా అనడం కాస్త ఎక్కువే. గార్లదిన్నె దగ్గర ఒక్క ఊరు. అదీ కాగితం మీద. మిగతాదంతా నిజం.

తొంభై తొమ్మిదిలో సుదర్శన్ అనే పరిశోధకుడు కరువుకు తట్టుకునే కొత్త విత్తనం తెచ్చి ఆ ఊరి చేలల్లో వేయించాడు. పోల్చి చూడటానికి పక్కనే పాత విత్తనం. పంట చేతికొచ్చాక ప్రతి చేనులో రెండింటికీ ఒక్కో సెంటు కొలిచి తాడు కట్టాడు. ఆ సెంటులో చెట్లు పీకి, కాయలు తెంపి, ఎండబెట్టి సంచికెత్తే పని హనుమక్కది.

ఎవరికి ఏది కొలిచి ఇచ్చినా, పైన కొసరు వేయకుండా ఆమె చెయ్యి వెనక్కి రాదు. పాత విత్తనం మనింటిది, దానికి కొసరేమిటి? కొత్తది సారుది, ఊరికి వచ్చిన చుట్టం. అందుకని కొత్త విత్తనం సంచులన్నిటిలో, తన కూలి కింద వచ్చిన కాయల్లోంచి, మూడేసి దోసిళ్లు పోసింది. అది ఆమె మర్యాద. సారుకు చెప్పలేదు. కొసరు వేసి చాటుకునేవాళ్లు ఉంటారా?

మరుసటి జూన్‌లో, విత్తే ముందు, బడిలో రైతుల సమావేశం పెట్టారు. పొద్దున్నే బడి ఊడుస్తున్న హనుమక్కను పిలిచి, గోడకు దిగుబడి లెక్కల పటం అంటిస్తున్న సుదర్శన్ హుషారుగా చెప్పాడు.

“సెంటులో పండినదాన్ని వందతో హెచ్చిస్తే ఎకరా లెక్క. పాతదానికంటే మూటకు పైనే ఎక్కువ, చూడు!”

చీపురు ఆగిపోయింది. మూడు దోసిళ్లు, వంద సార్లు! ఈ మూట మాట ముందే ఊళ్లో విని ఆమె అన్న కుళ్లాయప్ప, ఎలుకల నుంచి ఇన్ని నెలలు కాపాడుకున్న సొంత విత్తనాన్ని బండికెత్తి బడి ముందు నిలిపాడు. సమావేశం అయిందంటే అటునుంచి అటే నూనె మిల్లుకు.

“సారూ, ఆ మూట నేనేసిన కొసరు” అని ఉన్నదంతా చెప్పేసింది.

సుదర్శన్ ముందు నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“ఎవరితోనూ అనొద్దు హనుమక్కా. వ్యాసం అచ్చయిపోయింది. వచ్చే నెల ఢిల్లీలో చదవాలి. అయినా ఈ విత్తనం చెడ్డదేం కాదు, పాతదానితో సమానంగా పండుతుంది.”

“సమానమైతే సమానమనే చెప్పు.”

“తప్పు చేసింది నువ్వు కదా?”

“నేనే. అందుకే చెప్తాండా. తెలిసినాక నువ్వు గమ్మునుంటే అది ఎవురి తప్పు సారూ? నీ కాగితం చెడితే ఇంగో కాగితం రాస్కుంటావు. మావోళ్లు ఇత్తనం మిల్లుకు తోలినాక, సమానంగా పండేదాన్నే మళ్లా దుడ్డిచ్చి కొని ఇత్తల్లనా?”

అంత చదువుకున్నవాడు ఇదంతా విని కూడా పటం మాత్రం గోడ మీదే ఉంచాడు.

సమావేశంలో ఆయన నోట “మూటకు పైనే” అన్న మాట రాగానే హనుమక్క లేచింది.

“అబద్ధం!”

“కూర్చోమే, పెద్దోళ్లు మాట్లాడతాంటే” అని కుళ్లాయప్ప గదిమాడు.

“నువ్వు ముందు బండి ఇంటికి తిప్పుకోన్నా!” అని కొసరు సంగతంతా విప్పింది.

“మర్యాద చేసి మా కొంప ముంచితివి గదక్కా” అన్నారు వెనక నుంచి ఎవరో. బడంతా నవ్వింది. కుళ్లాయప్ప మాత్రం నవ్వలేదు.

“ఏమప్పా సారూ, ఇది నీకెప్పుడు తెలిసింది?”

“పొద్దున్నే” అంది హనుమక్క. సుదర్శన్ కాగితాలు సర్దుకున్నాడు. నవ్వినవాళ్లంతా ఆయన వైపు తిరిగారు.

కుళ్లాయప్ప విత్తనం మిల్లుకు పోలేదు. కొన్నాళ్లకు సారు వ్యాసానికి సవరణ అచ్చయింది. అందులో ఏముందంటే, ‘కూలీ అజాగ్రత్త వల్ల తూకంలో లోపం.’ అజాగ్రత్తట! తన కూలి కాయలు పోసి, తప్పని తెలిసిన గడియలోనే ఒప్పుకున్న మనిషిది అజాగ్రత్త. తెలిసీ పటం దించనివాడు శాస్త్రవేత్త. నిజం చెప్పింది ఆమేనని రాయడానికి అంగుళం కాగితం మిగల్లేదు కాబోలు.

తర్వాత చాలా ఏళ్లు, ప్రయోగం ఎలా చెడుతుందో చూపించడానికి విద్యార్థులను జీపుల్లో ఆమె ఇంటికి తీసుకొచ్చేవాళ్లు. తూకం చెడగొట్టింది నువ్వేనా అని అడిగితే, ఒకసారి నిజం చెప్పి అజాగ్రత్త అనిపించుకున్న హనుమక్క చేట దించకుండానే చెప్పేది.

“నేను యా సంచీ ముట్టలేదు. ఆ సారెవురో నాకు తెల్దు. ఆ యేడు మేము ఈడ లేనే లేము, కదిరిలో ఉంటిమి. పనీపాటా లేనోళ్లు ఎవురో పుట్టించినారు. పోండప్పా, నాకు పనుండాది.”